మునిరత్నం బండిని ఏమని రాయాలి?

మోటారు వాహనాల శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళిద్దరు మొన్న మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, "సార్, అసలు యుటిలిటీ వెహికల్ అంటే ఏది?" అని అడిగారు. ఉపయోగపడని బండిని ఎవరైనా కొంటారా నాయనా, ప్రభుత్వం తప్ప, అన్నాను. నవ్వలేదు. ఈ కాలం పిల్లలు పరీక్షలు బాగా రాసి ఉద్యోగాల్లోకి వస్తున్నారు. దానివల్ల కొన్ని నష్టాలున్నాయి.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. అయితే అది ఒక కాఫీతో ముగిసేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఎంత ఆలస్యంగా వచ్చాయంటే, వాటి గురించి రాసేంత చనువు మా మధ్య ఏర్పడలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు

డెబ్బైల్లో చిత్తూరులో చేరాను. ఆర్డరు కాగితంలో నా ఉద్యోగం పేరు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు. చిత్తూరు, తిరుపతి మధ్యలో ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. జనానికి నేను బ్రేకు ఇన్‌స్పెక్టరు. లైట్లు చూస్తాం, హారను చూస్తాం, స్టీరింగు చూస్తాం, టైర్లు తట్టి చూస్తాం. ఇవేవీ జనం కంట పడవు. బస్సును వేగంగా తోలించి, ఉన్నట్టుండి బ్రేకు కొట్టించి, లోపల కూర్చున్న క్లీనరు తల ముందు సీటుకు తగిలిందా లేదా అని చూస్తామే, అది కంట పడుతుంది. పేరు దానికే అంటుకుంది. మా నాయన తిరుపతిలో శెనక్కాయల మండీలో గుమాస్తా. ఆయన ఆ మాట విని, "ఇంత సదువూ సదివి బ్రేకు తొక్కే పనికి పోతా ఉండావా?" అన్నాడు. ఆయన దిగ్భ్రాంతి చివరిదాకా తగ్గలేదు.

బండ్ల పేర్లూ అంతే. ఆ రోజుల్లో కారంటే ప్లెజరు. అందులో కూర్చున్నవాడికి సుఖంగా ఉన్నా లేకపోయినా ప్లెజరే. తలుపుల్లేనిది జీపు. పైన కప్పుండి కిటికీలు చిన్నవైతే వ్యాను. చట్టం పుస్తకం ఇంత సులభంగా వదలదు. బండి దేనికోసం తయారైందో, దేనికి అనువుగా మార్చారో చూసి తరగతి నిర్ణయించమంటుంది. మనుషులు ఎక్కేది ఒక తరగతి, సరుకు ఎక్కేది ఒక తరగతి, బాడుగది ఒకటి, సొంతానిది ఇంకొకటి.

ఆ పుస్తకం మా పై అధికారి వరదాచార్యులు గారికి కంఠస్థం. కార్వేటినగరం వైష్ణవులు. నిలువు నామం, ఎంత ఎండలోనైనా మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా, కంఠంలో ఎప్పుడూ ఒకే శ్రుతి. లంచం మాట అటుంచి, లంచం ఇవ్వాలన్న ఆలోచన ఉన్నవాడు కూడా ఆయన గదిలోకి వెళ్ళి దండం పెట్టి తిరిగొచ్చేవాడు. "మనిషికి గోత్రం ఎట్లాగో, బండికి తరగతి అట్లా. భోజనం చేసి వచ్చేలోపల మారదు," అనేవారు. మంచి అధికారి. ఆయన కింద పనిచేయడం కొంచెం కష్టం.

ముందు నేల వాసన చూడండి

మన దగ్గరికి ఫిట్‌నెస్‌కు వచ్చే బండి పెండ్లిచూపులకు కూర్చున్న పిల్లలాంటిది. కడిగి, తుడిచి, బొట్టుపెట్టి తెస్తారు. దాని అసలు బతుకు తెలియాలంటే కొలతల టేపు తీసే ముందు వంగి నేల వాసన చూడండి. చిత్తూరు బెల్లం మండీకి పోయి వచ్చిన బండిని ఎంత కడిగినా చీమలకు తెలుస్తుంది. పులికాట్ నుంచి రొయ్యలు తెచ్చిన బండిని మీరు కనిపెట్టక్కర్లేదు, అదే చెబుతుంది.

మునిరత్నం బండిలో వంగితే నాకు పాలు, బెల్లం, మల్లెపూలు, సాంబ్రాణి, కొంచెం పేడ, అన్నీ కలిసి తగిలాయి. లేచి నిలబడి, బండి కాగితాలు అడిగాను.

మునిరత్నం కార్వేటినగరం దారిలో ఒక పల్లె రైతు. మదరాసులో మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత బండిని కొని, చిత్తూరు షెడ్డులో బాడీ కట్టించాడు. బెంచీలు రెండు పక్కలా కీళ్ళ మీద ఉండేవి. దించితే మనుషులెక్కే వ్యాను. పైకి మడిచి గొలుసు తగిలిస్తే లారీ. రిజిస్ట్రేషన్‌లో మాత్రం సొంత వాడకానికి అని ఉంది.

"ఇది ఏం బండి మునిరత్నం?" అన్నాను.

"యా పూటకు సార్?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తర్వాత తనే వివరించాడు. "పొద్దన్నే పాలబండి సార్. ఎండెక్కినాక బెల్లం బండి. సందేళ బడి పిలకాయల్ని ఎక్కించుకుంటా, అది ఊరికే. మూర్తాలొస్తే పెండ్లిబండి. నాకు కూడు పెట్టేది పెండ్లిబండే. కడమదంతా పెట్రోలుకు, టైర్లకు సరిపోతాది."

పెండ్లిబండి అన్న పేరు ఊరికే రాలేదు. అతను మొట్టమొదట ఊరేగించిన జంటకు ఏడాది తిరిగేలోపల కవలలు పుట్టారు. ఇద్దరూ మగపిల్లలు. ఇంకేముంది, విమానం ఇస్తామన్నా ఆ చుట్టుపక్కల వాళ్ళు వద్దనేవాళ్ళు. మునిరత్నం బండి ఏ రోజు ఖాళీయో చూసి ముహూర్తాలు పెట్టుకున్న ఇళ్ళున్నాయి.

నోటితో హెచ్చరించి పంపాను. తర్వాత కొన్నాళ్ళకే ఆచార్యులు గారితో కలిసి రోడ్డు మీద తనిఖీలో ఉండగా అదే బండి వచ్చింది. లోపల బాసికాలతో పెండ్లికొడుకూ పెండ్లికూతురూ, పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చిన ఆవుదూడ, నాదస్వరం వాళ్ళు, ఒక మూల పాల క్యాన్లు. మమ్మల్ని చూసి కంగారుపడింది దూడ ఒక్కటే. ఆచార్యులు గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. దృశ్యం మారలేదు.

జ్వరం లేని మనిషి

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ముందు జరిగేది అర్థం కాదు.

పాకాల దగ్గర ఒక మధ్యాహ్నం చెంగల్రాయుడి టాక్సీని ఆపాను. చెంగల్రాయుడంటే చిత్తూరు టాక్సీ స్టాండుకు పెద్దదిక్కు, నోరు పెద్దది, మనసూ పెద్దదే. బండిలో జనం ఎక్కువున్నారు. వెనక సీట్లో ఇద్దరి మధ్య ఒక పెద్దాయన, నడి ఎండాకాలంలో మఫ్లరు చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ పెద్దాయన్ను దింపి ఇంకో బండిలో పంపండి," అన్నాను.

"జరం సార్. మాట్లాడలేడు," అన్నాడు పక్కనున్నవాడు.

చదువుకున్నవాణ్ణి గదా, చెయ్యి పెట్టి చూద్దామని నుదురు ముట్టుకున్నాను. జ్వరం లేదు. నా జీవితంలో అంత జ్వరం లేని మనిషిని నేను ముట్టుకోలేదు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్న తీరు చూసి చెంగల్రాయుడికి అర్థమైపోయింది. తాళంచెవి రోడ్డు మీద పడేసి, అక్కడే చతికిలబడ్డాడు. "కొంప తీసినారు కదరా! ఒక మాట చెప్పకూడదారా!"

"చెప్తే ఎక్కించుకుంటావా అన్నా?" అన్నాడు చనిపోయినాయన కొడుకు, ఏడుస్తూనే.

ఎక్కించుకోడు. ఎవరూ ఎక్కించుకోరు. ఎక్కించుకున్న బండికి ఆ పేరు పడిపోతుంది. చెంగల్రాయుడు పసుపునీళ్ళతో కడిగాడు, గుమ్మడికాయ కొట్టాడు, అయ్యవారిని పిలిచి మంత్రాలు చదివించాడు. కడిగితే మైల పోయింది, పేరు పోలేదు. ఊరంతా పీనుగ టాక్సీ అంది. బాలింత ఎక్కదు, పెండ్లివాళ్ళు ఎక్కరు, చివరికి కోర్టుకు పోయే ముద్దాయిలు కూడా అపశకునమన్నారు. ఆ కారును వేలూరుకు తోలి, అయినకాడికి అమ్మేసి వచ్చాడు. సరిహద్దు దాటితే పాత పేరు వెంట రాదు, అరవంలో కొత్తగా తెచ్చుకోవాల్సిందే.

బెంచీలు పైకా, కిందికా?

ఆ పెండ్లిబండి తనిఖీ మర్నాడు ఆచార్యులు గారు మునిరత్నాన్ని ఆఫీసుకు పిలిపించారు.

"చెప్పవయ్యా. ఇది కారా, బస్సా, లారీనా?"

"తమరు ఏదంటే అది సామీ."

"నేననేది కాదు. అదేమిటి?"

మునిరత్నం చాలాసేపు ఆలోచించాడు. "పనికొచ్చే బండి సామీ."

"పనికిరావడం ఒక తరగతి కాదు. బెంచీలు పైకన్నా వెల్డింగు చేయించు, కిందికన్నా చేయించు. అంతవరకు బండి మా ఆవరణలో ఉంటుంది."

పైకి చేయిస్తే పెండ్లిళ్ళు పోతాయి. కిందికి చేయిస్తే పాలూ బెల్లమూ పోతాయి. నేను ఆ రెండింటికీ మధ్యలో ఏదో గొణిగాను. సార్ నా వైపు చూశారు. అది వినబడనట్టు నేనే ముందు నటించాను.

అప్పుడు మంచి ముహూర్తాల కాలం. మునిరత్నం రోజూ బస్సులో వచ్చి, మా ఆవరణలో తన బండి నీడలో కూర్చుని, సాయంత్రం బస్సులో వెళ్ళేవాడు. "ఏం తేల్చుకున్నావప్పా?" అని అడిగితే, "ఏ కాలు కొట్టేయమంటావని అడిగినట్టుండాది సార్. తెగడం లేదు," అనేవాడు. శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేస్తున్న కాలం అది. మేము చిత్తూరులో బెంచీ కీళ్ళ గురించి నిర్ణయానికి రాలేకపోతున్నాం.

ఆచార్యులు గారి అమ్మగారు

ఒకరోజు పొద్దున సార్ వాళ్ళ అమ్మగారు పోయారు. చిత్తూరులో, ఇంట్లోనే, నిద్రలో. తన భర్త కాలిన చోటే తననూ దహనం చేయాలని ఆమె ఎప్పటినుంచో చెబుతూ ఉండేది. అంటే కార్వేటినగరం తీసుకెళ్ళాలి. మండే ఎండలు. ఎద్దులబండి మీద అంత దూరం కుదరదు. శవాలను తీసుకెళ్ళే బండి అంటూ ఊళ్ళో ప్రత్యేకంగా లేని రోజులు.

"ఆఫీసు జీపుంది గదండీ," అన్నాను.

"ఆఫీసు జీపు ఆఫీసు పనికి. మా అమ్మ ఆఫీసు పని కాదు," అన్నారు.

టాక్సీ స్టాండుకు వెళ్ళాం. జిల్లా బండ్లన్నిటి తలరాతలు రాసే మనిషి చెప్పుల్లేకుండా వచ్చి నిలబడితే స్టాండంతా లేచి నిలబడింది. చెంగల్రాయుడు చేతులు కట్టుకున్నాడు. "సార్, నా మీద ఏ కేసన్నా రాసుకోండి. లైసెన్సు పీకేయండి. ఇది మాత్రం నా చేత కాదు. ఒకసారి మునిగి తేలినోణ్ణి." తక్కినవాళ్ళు నేల చూపులు చూశారు. లారీవాళ్ళదీ అదే మాట.

నాకు మఫ్లరు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "జ్వరం అని చెప్పి వేరే ఊరి టాక్సీ..." అన్నాను.

"మా అమ్మ ఎనభై ఏళ్ళు దాటింది. ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఆడిస్తానా?" అన్నారు.

అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసు ఆవరణకు నడిచారు. మునిరత్నం అప్పుడే వచ్చి కూర్చుంటున్నాడు. సార్ ముందు జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"బండి నీది, తీసుకెళ్ళు. కేసు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు నేనడిగేది ఆర్డరు కాదు. మా అమ్మను ఊరికి చేర్చాలప్పా. వద్దంటే ఏమీ అనుకోను."

ఆయన నోట 'అప్పా' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. 

మునిరత్నం తాళంచెవి వైపు చూశాడు, బండి వైపు చూశాడు. "అవ్వ ఎప్పుడన్నా మోటరు ఎక్కిండాదా సామీ?"

"లేదు. భయం. ఎక్కనంటుంది."

"అయితే మెల్లగ తోలాల," అని లేచి, బెంచీలు పైకి మడిచి గొలుసులు తగిలించాడు.

నేను అతన్ని పక్కకు లాగాను. "పెండ్లి బాడుగలన్నీ పోతాయి. తెలుసునా?"

"తెలీకేం సార్. చెంగల్రాయుడన్న గతి సూసినాం గదా."

"మరి?"

"పెండ్లికి ఈ బండి లేదంటే ఇంకో బండి దొరుకుతాది సార్. ఆయమ్మకు దొరకలా." అంతే.   రేడియేటరుకు నీళ్ళు పట్టడానికి పోయాడు.

పేరు బండికన్నా ముందు చేరింది

మునిరత్నం కార్వేటినగరం నుంచి ఇంటికి పోయేసరికే అతని ఊళ్ళో సంగతి తెలిసిపోయింది. మాట్లాడుకున్న పెండ్లివాళ్ళంతా మర్యాదగా, ఒకరి తర్వాత ఒకరు, వేరే ఏర్పాట్లు చేసుకున్నారు. కవలల తల్లిదండ్రులు సైతం దారిలో ఎదురైతే తప్పుకున్నారు. పాలవాళ్ళూ మారిపోయారు. బెల్లం ఒక్కటే మిగిలింది. బెల్లానికి పట్టింపులు తక్కువ. బడిపిల్లలు మాత్రం ఎక్కేవాళ్ళు, పైగా పీనుగ ఎక్కడ పడుకోబెట్టారో ఆ చోటు కోసం తోసుకునేవాళ్ళు.

ఎన్నో ఊళ్ళకు పెండ్లిబండిగా ఉన్నది ఒక్క పూటలో పీనుగ బండి అయిపోవడం నన్ను నివ్వెరపరచింది. చట్టప్రకారం ఒక బండి తరగతి మార్చాలంటే అర్జీ, తనిఖీ, ఆమోదం కావాలి. ఊరికి ఇవేవీ అక్కర్లేదు. కాసేపట్లో తిరిగి రిజిస్టరు చేసేస్తుంది, అప్పీలు కూడా లేదు.

కర్మకాండ ముగించుకుని సార్ ఆఫీసుకు వచ్చాక ఈ సంగతి చెప్పాను. విని, ఫైళ్ళు ముందుకు లాక్కున్నారు. కొన్నాళ్ళకు చెంగల్రాయుడు వచ్చాడు. "మునిరత్నానికి వేలూరు బ్రోకరును సూపిస్తా ఉండా సార్. ఇంగేం జేసేది? నా దారే వాడికీ," అన్నాడు. ఎగతాళి లేదు అతని గొంతులో. సార్ అప్పుడు ఫైలు మూసి, "కొంచెం ఆగమను," అన్నారు.

పెద్దవాళ్ళు పోయిన ఏడాదిలోపల ఇంట్లో కన్యాదానం చేయడం మంచిదంటారు. సార్‌కు ఒక్కతే కూతురు. వియ్యంకులు తిరుపతివాళ్ళు, తరతరాలుగా దేవుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం, ఆచారం గట్టిది. పెండ్లి చిత్తూరులోనే జరిగింది. ఊరేగింపు వేళకు అందరం వీధిలో నిలబడి ఉన్నాం. వియ్యంకులు మాట్లాడిన ప్లెజరు కారు అలంకరించి సిద్ధంగా ఉంది.

దాన్ని పక్కకు తీయమన్నారు సార్. ఆ జాగాలోకి, నిండా మల్లెదండలతో, బెంచీలు కిందికి దించుకుని, మునిరత్నం బండి వచ్చి ఆగింది. స్టీరింగు వెనక మునిరత్నం తల పైకెత్తలేదు.

నాదస్వరం ఆగిపోయింది. వియ్యంకుడు దగ్గరికొచ్చి మెల్లగా, "బావగారూ, ఇది... ఆ బండి కాదు గదా?" అన్నాడు.

"ఆ బండే. మా అమ్మ వెళ్ళిన బండి. నా కూతురు దీంట్లోనే ఎక్కుతుంది. అబ్బాయి నడిచి వస్తానంటే నాకు అభ్యంతరం లేదు."

  సార్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెండ్లికూతురు మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చి, మెట్టు మీద కాలు పెట్టి, "మునిరత్నం, నాయనమ్మను తీసుకుపోయినంత మెల్లగా పోనియ్యి," అని ఎక్కి కూర్చుంది. పెండ్లికొడుకు తండ్రి మొహం చూశాడు, పెండ్లికూతురి మొహం చూశాడు. తన భవిష్యత్తు ఎటువైపుందో అర్థమైనట్టుంది. ఎక్కేశాడు.

ఊరేగింపు దారిలో టాక్సీ స్టాండు లేదు. అయినా అటే తిప్పించారు సార్. బండి ముందు నడుస్తున్న ఆయన్ను, వెనక బండిని, లోపల జంటను చూసి స్టాండంతా బిగుసుకుపోయింది. చెంగల్రాయుడు భుజం మీది టవలు తీసి గాల్లో తిప్పుతూ అరిచాడు, "ఆచారి బండి వస్తాందిరోయ్! తోవ ఇయ్యండ్రా!"

తర్వాత

మరుసటి ముహూర్తాల కాలానికి మునిరత్నాన్ని పట్టుకోవడం మళ్ళీ కష్టమైంది. "ఇప్పుడు పెండ్లిబండేనా?" అని అడిగాను. "కాద్సార్. ఆచారి బండి అంటా ఉండారు. అందరూ ఎక్కతా ఉండారు," అన్నాడు. కష్టంలో ఉన్నవాళ్ళు కూడా దాపరికం లేకుండా వచ్చి అడిగేవాళ్ళట. మఫ్లరు అవసరం పడలేదు.

ఫిట్‌నెస్‌కు తెచ్చినప్పుడు, ఏ తరగతి రాయమంటారని సార్‌ను అడిగాను. ఆయన కిటికీలోంచి బండిని చూశారు.

"బెంచీలు మడుస్తున్నాయా?"

"మడుస్తున్నాయండీ."

"కీళ్ళు గట్టిగా ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

పుస్తకం తీసి, రెండు రకాల పన్నూ కట్టించుకుని బాడుగకు అనుమతిచ్చే దారి ఆయనే వెతికి చూపించారు. ఆ పేజీ అంతకుముందు పుస్తకంలో లేదని నేననను.

తన పేరు ఒక బండికి అంటుకోవడం సార్‌కు నచ్చలేదు. బండికి మనిషి పేరేమిటని రిటైరయ్యేదాకా విసుక్కున్నారు. కొన్నేళ్ళకు ఆయనా పోయారు. ఆయన్ను ఏ బండిలో తీసుకెళ్ళారో నేను చెప్పక్కర్లేదు. మెల్లగానే తోలాడు.

ఎనభైలు ముగిసేముందు ఒకసారి తిరుపతిలో బాడీలు కట్టే షెడ్డుకు వెళ్ళాను. కొత్త బండికి ఒకతను బెంచీలు బిగిస్తున్నాడు. ఏం బాడీ అప్పా ఇది అన్నాను.

"ఆచారి బాడీ సార్. మడత బెంచీలు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గదా, తెల్దా మీకు?"

 ఒక బండికి ఒకటే పేరుండాలని జీవితమంతా పోరాడిన మనిషి పేరు, ఎన్ని బండ్లకో తెలియకుండా, కొండ కింద ఊళ్ళన్నిటా తిరుగుతోంది.

"ఆచారి అంటే ఎవరు?" అన్నాను.

"ఎవురో పాతకాలం మేస్త్రీ అంట సార్. ఈ బాడీ మొదట కట్టింది ఆయనేనంట."

"దేనికి వాడతారు దీన్ని?"

అతను స్పానరు కింద పెట్టి, ఇంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు.

"పెండ్లికీ పనికొస్తాది, పీనుక్కీ పనికొస్తాది. ఇంగ బండికి ఏం గావాల సార్?"